తుపాకి కొనేది ఒక్కపూట, సాకేది జన్మంతా

అర్జీలు రాసిచ్చే పని నాది. పింఛను ఆగిపోయిన అవ్వకి, పాసుపుస్తకంలో పేరు తప్పుపడిన రైతుకి, సమాచార హక్కు దరఖాస్తు పెట్టుకునే పిల్లోళ్ళకి రాసిస్తాంటా. కనుమ పండగ దాటి అహోబిలం పారువేట పల్లకి ఊర్లు తిరుగుతాండే రోజుల్లో ఒక పిల్లోడు వచ్చినాడు. ఇరవై ఆరేండ్లుంటాయి.

"అన్నా, రివాల్వర్ లైసెన్సుకు అర్జీ రాసియ్యి."

"ఏమబ్బీ, నిన్నెవురన్నా బెదిరిస్తాండారా?"

"లేదన్నా. సరదా. అమెరికాలో మా బావ వారం వారం పోయి కాలుస్తాడు. వీడియోలు పంపిస్తాంటాడు. నాకూ ఒకటుండాలని."

"ఎంతవుతుందనుకుంటాండావు?"

"లక్షన్నర. వడ్లు అమ్మిన దుడ్లు ఉండాయిలే."

అర్జీ తర్వాత రాద్దాము, ముందు లెక్క రాద్దామని నోటుబుక్కు తీసినా. ఇద్దరం కూర్చుని మాపటేల దాకా రాసినాము. ఆ లెక్కనే ఈడ పెడుతున్నా. వాని మాదిరి ఆలోచన చేసేవాళ్ళు మన ఆళ్ళగడ్డ, నంద్యాల పక్క శానామంది ఉండారు. తుపాకి మంచిదా చెడ్డదా అనే పంచాయితీ కాదిది. తుపాకి రేటు అంగట్లో రాసిన రేటు కాదు. ఎద్దును కొన్నాక గడ్డి, గాటిపాటు, డాక్టరు ఎట్లా తప్పవో, తుపాకిని కొన్నాక దాన్ని సాకేది తప్పదు. ఆ సాకుడు ఖర్చు ఎవురూ చెప్పరు.

ఈ మోజు యాడిది

1878లో తెల్లోళ్ళు ఆయుధాల చట్టం తెచ్చినారు. ఆయుధం పెట్టుకోవాలంటే మనోళ్ళకి లైసెన్సు కావాల, తెల్లోళ్ళకి అక్కరలేదు. కలెక్టరు దొర దయ ఉండే జమీందారుకి, పెద్ద రైతుకి ఆ కాగితం దొరికేది. అట్లా లైసెన్సు అంటే దొరల దగ్గర పలుకుబడికి గుర్తు అయిపోయింది. దొరలు పోయినారు, 1959లో మన ఆయుధాల చట్టం వచ్చింది, 1962 నుంచి అమలైంది. ఆ గుర్తు మాత్రం పోలేదు. నడుముకు రివాల్వర్ ఉంటే మనిషికి ఒక అంగుళం ఎత్తు పెరిగినట్లు ఇప్పటికీ అనుకుంటాండారు.

సీమ అంటే తుపాకులని సినిమావాళ్ళు చూపించినారు గానీ, ఫ్యాక్షన్లో మన పల్లెల్ని కాల్చింది ఎక్కువగా నాటుబాంబులు, నరికింది వేటకొడవళ్ళు. లైసెన్సు రివాల్వర్ చంపేకన్నా ఎచ్చులు పోయ్యేకే ఎక్కువ పనికొచ్చింది. కాపాడేకి పనికొచ్చిందా అంటే, 2005 జనవరి 24న అనంతపురంలో పరిటాల రవిని గన్‌మెన్లు ఉండగానే పార్టీ ఆఫీసులో చంపినారు. 2011 జనవరి 3న హైదరాబాదులో మద్దెలచెరువు సూరి కారులో కూర్చుని ఉండగానే తుపాకి గుండ్లకు పోయినాడు. ఆ కేసులో 2018లో కోర్టు జీవితఖైదు వేసింది బయటి శత్రువుకు కాదు, ఆయన సొంత అనుచరునికే. చుట్టూ తుపాకులు ఉండే మనుషుల కతే ఇట్లయితే, నైట్‌స్టాండు మీద పెట్టుకునే ఒక్క రివాల్వర్ ఏం కాపలా కాస్తాదో మీరే చెప్పండి.

లైసెన్సు చేతికి రాకముందే

మన దేశంలో తుపాకి హక్కు కాదు, సర్కారు ఇచ్చే అనుమతి. అమెరికాలో 1791 నుంచి అది రాజ్యాంగంలోనే ఉండాది కాబట్టి బావ వీడియో చూసి మనం లెక్క వేసుకోకూడదు. ఆయుధాల చట్టం 13వ సెక్షన్ చదవండి. క్లబ్బు సభ్యుడు గురి నేర్చుకునేకి .22 రైఫిలు అడిగితే ఒక దావ ఉండాది. రివాల్వర్, పిస్టల్ అడిగితే మాత్రం "సరైన కారణం" ఉందని అధికారికి నమ్మకం కలగాల. "సరదా" అని రాస్తే నమ్మకం కలగదు. "ప్రాణభయం" అని అబద్ధం రాస్తే అది ఇంకొక నేరం. సరదాకు తుపాకి అనేవానికి మొదటి ముల్లు ఈడనే గుచ్చుకుంటాది.

2016 ఆయుధాల నియమాలు వచ్చినాక ఆన్‌లైనులో దరఖాస్తు పెట్టాల. తుపాకిని జాగ్రత్తగా పట్టుకునేది, మోసేది, కాల్చేది, దాచేది నేర్చుకున్నట్లు శిక్షణ సర్టిఫికెట్టు కావాల. ఒంటికీ మనసుకీ బాగుందని డాక్టరు సర్టిఫికెట్టు కావాల. ఇంట్లో భద్రంగా పెట్టే చోటు ఉందని చూపాల. పోలీసు విచారణ నడుస్తాది. సర్కారు ఫీజు చిన్నదే. పెద్దది తిరుగుడు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయ్యింది కాబట్టి ఇప్పుడు కర్నూలు దాకా పోయే పని తప్పింది. అయినా ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు పోయి వచ్చేసరికి ఒక రోజు కూలి పాయె. అట్లాంటి రోజులు ఎన్నో రాసుకునేకి మా నోటుబుక్కులో ఒక గడి ఖాళీ పెట్టినాము.

అంగట్లో బిల్లు

మామూలు మనిషికి దొరికేది .32 రివాల్వరో పిస్టలో, లేదంటే .22. తొమ్మిది మిల్లీమీటర్ల పిస్టల్ సినిమాలో హీరోకు దొరుకుతుంది గానీ, మామూలు లైసెన్సుకు దొరకదు. అది నిషేధిత బోరు. బయటి దేశాల చేతి తుపాకులు 1980ల నడుమ నుంచి మామూలు లైసెన్సుదారు తెప్పించుకునేకి లేదు. అందుకే తాత కాలం నాటి విదేశీ రివాల్వర్లకు మన దగ్గర అంత డిమాండు. మిగిలింది సర్కారు ఫ్యాక్టరీల సరుకు, ఈ మధ్య వచ్చిన కొన్ని ప్రైవేటు తయారీలు. 2014 జనవరిలో కాన్పూరు ఫ్యాక్టరీ ఆడవాళ్ళ కోసమని "నిర్భీక్" అనే అర కేజీ బరువు రివాల్వర్ తెచ్చింది. అప్పుడే దాని రేటు లక్షా ఇరవై రెండు వేల పైన. ఏ ఆడబిడ్డ రక్షణ కోసమని చెప్పినారో, ఆ కూలికి పోయే ఆడబిడ్డకు ఆ రేటు ఎన్నేండ్ల కూలో ఎవురూ లెక్క కట్టలేదు.

ఇంగ పన్ను. రివాల్వర్లు, పిస్టళ్ళ మీద జీఎస్టీ 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం చేసినారు. సరుకు రేటు లక్ష అనుకుంటే మొన్నటి దాకా బిల్లు 1,28,000. ఇప్పుడు 1,40,000. విలాసాల వరసలో పెట్టి సర్కారే చెప్తాంది ఇది అవసరం కాదు, సోకు అని.

సామాన్లు

బిల్లు కట్టి బయటికి వచ్చినాక అసలు కొనుగోళ్ళు మొదలు. ఒక్కొక్కటి చిన్నదే, కలిపితే మూట.

ఇనప పెట్టె: గోడకో నేలకో బోల్టులతో బిగించేది, పిల్లోళ్ళు తెరవలేనిది. బీరువాలో చీరల కింద పెడితే భద్రం కాదు. దొంగ మొదట చూసేది ఆడనే. తూటాలకు వేరే తాళం.

ఒర: హోల్‌స్టర్ అంటారు. దానికి తగిన గట్టి బెల్టు. మామూలు బెల్టు ఆ బరువుకు సాగిపోతాది. ఇంకో మాట, తోలు ఒరలో పెట్టి నెలల తరబడి వదిలేస్తే తోలు చెమ్మ పట్టి తుపాకి తుప్పు పడతాది. దాచేకి ఒకటి, మోసేకి ఒకటి, రెండు ఏర్పాట్లు కావాల.

శుభ్రం చేసే సామాను: గొట్టంలో దూర్చే కడ్డీ, బ్రష్షులు, గుడ్డ ముక్కలు, మసి వదిలించే మందు, నూనె. కాల్చిన ప్రతిసారీ తుడవాల. కాల్చకున్నా తుడవాల. వానకాలం ఇంకా ఎక్కువ.

చెవులకు, కండ్లకు: తుపాకి పేలితే చప్పుడు 140 డెసిబెళ్ళు దాటుతుంది. ఒక్క దెబ్బకే చెవి నరం చెడే అంత చప్పుడు. చెవికి కప్పులు, కంటికి అద్దాలు లేకుండా సాధన చేస్తే తర్వాత చెవి మిషనుకు పెట్టాల. తూటాల్లో సీసం ఉంటాది. కాల్చినాక చేతులు కడుక్కోకుండా అన్నం తినకూడదు. ఆ గుడ్డలతో ఇంటికొచ్చి పిల్లోళ్ళను ఎత్తుకోకూడదు.

ఇవన్నీ నాసిరకం కాకుండా కొంటే ముప్పై వేలకు తక్కువ కాదని మా అంచనా.

తుపాకి మేత

తూటా ఒక్కసారి మేసే గడ్డి. ఒక్కోటి వంద రూపాయలు అనుకుందాం. మామూలు లైసెన్సుకు ఒకేసారి దగ్గర పెట్టుకునేకి 100, ఏడాదికి కొనేకి 200 అనేది 2016 నియమాల పరిమితి. అధికారి ఇంకా తక్కువ రాసినా రాస్తాడు. పిల్లోడు నవ్వినాడు, "రెండొందలు చాలన్నా" అని. చాలదు. ఆడోళ్ళ 25 మీటర్ల పిస్టల్ పోటీలో ఒక్క మనిషి కాల్చేది 60 తూటాలు. అట్లాంటివి మూడు పోటీలంత సాధన చేస్తే ఏడాది కోటా దాదాపు అయిపోతాది. ఏడాదికి మూడుసార్లు బ్యాటు పట్టి క్రికెట్టు నేర్చుకున్నోడు యాడన్నా ఉన్నాడా? అమెరికా బావ ఒక్క మధ్యాన్నంలో కాల్చేది మనకు ఏడాది కోటా. అంటే తుపాకి ఇంట్లో ఉంటాది, గురి మాత్రం చేతికి రాదు. గురి రాని చేతిలో తుపాకి ఇంట్లోవాళ్ళకే ప్రమాదం.

కాల్చేకి చోటు

"తోటలో కాల్చుకుంటా" అన్నాడు వాడు. కూడదు. లైసెన్సు రాసిన కారణానికే తుపాకి. కొబ్బరిబోండాం మీద గురి చూసేకి కాదు. "మన నల్లమల ఉండాది గదా" అన్నాడు. అది ఇంకా కూడదు. గుండ్ల బ్రహ్మేశ్వరం లాంటి అభయారణ్యంలోకి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అడుగు పెట్టేదే నేరమని 1972 వన్యప్రాణి చట్టం 31వ సెక్షన్ చెప్తాది. కాల్చకపోయినా, ఊరికే కారులో ఉన్నా చిక్కే.

మన అడవిలో వేట పండగ ఒకటి ఉండాది. పారువేట. చెంచులు స్వామి పల్లకి మీదికి బాణాలు వేసి మొదలు పెడతారు. నెలన్నర పాటు స్వామి ముప్పైకి పైగా ఊర్లు తిరిగి తన పెండ్లికి రమ్మని జనాన్ని పిలుస్తాడు. వేట పేరు పెట్టుకుని ఒక్క పిట్టను చంపని పండగ. అడవి మీద హక్కు ఉండే చెంచులే విల్లును పూజకు తెస్తాంటే, అద్దాల కారోడు రివాల్వర్ సరదాకు అడవిని అడిగేది న్యాయం కాదు.

ఇంగ మిగిలింది షూటింగ్ రేంజి. పేరుండే రేంజి హైదరాబాదు గచ్చిబౌలి పక్క ఉండాది. ఆళ్ళగడ్డ నుంచి మూడొందల కిలోమీటర్ల పైన. డీజిలు, టోలు, తిండి, రేంజి ఫీజు కలిపి ఒక దఫాకు ఆరు వేలు వేసుకున్నాము. ఇంకో మెలిక ఉండాది. 2014 జూన్ 2 నుంచి అది వేరే రాష్ట్రం. లైసెన్సు మీద అది చెల్లే ప్రాంతం రాసి ఉంటాది. ఆంధ్రప్రదేశ్ వరకే అని రాసుంటే, తుపాకి తీసుకుని తుంగభద్ర వంతెన దాటితే లైసెన్సు షరతు తప్పినట్లే.

ఎలక్షను వస్తే

మనకు ఏడాది తిరిగితే ఏదో ఒక ఎలక్షను. పంచాయితీ, మండలం, మున్సిపాలిటీ, అసెంబ్లీ. ఎవురెవురు తుపాకి అప్పజెప్పాలో కలెక్టరు, ఎస్పీ ఉండే పరిశీలన కమిటీ తేల్చాలని ఎన్నికల సంఘం నియమం. బెయిలు మీద ఉండేవాళ్ళు, నేర చరిత్ర ఉండేవాళ్ళు, పాత ఎలక్షను గొడవల్లో పేరుండేవాళ్ళు ముందు వరస. సీమలో సామాన్యంగా లైసెన్సు ఉండేవాళ్ళందరికీ కబురొస్తాది. 2024లో షెడ్యూలు వచ్చింది మార్చి 16న, లెక్కింపు జూన్ 4న. మధ్యలో 80 రోజులు. స్టేషనుకో, లైసెన్సు ఉండే ఆయుధాల డీలరు దగ్గరకో పోయి అప్పజెప్పి రసీదు తీసుకోవాల. డీలరు దగ్గర పెడితే బాడుగ. తిరిగి తెచ్చుకున్నాక తుప్పు చూసి బాగుచేయించుకునే ఖర్చు మనదే. మనిషికి భయమెక్కువ ఉండేది ఎలక్షన్లప్పుడే అంటారు. ఆ కాలంలోనే ఆ తుపాకి ఇంట్లో ఉండదు.

చూపించేకి కొంటే, దాచమంటుంది

ఈ మాట దగ్గర పిల్లోని మొగం మారింది. 2016 నియమాల్లో 32వ నియమం ఏమంటాదంటే, బయట తిరిగేటప్పుడు చేతి తుపాకి ఒరలో ఉండాల, పూర్తిగా కప్పి ఉండాల. పెండ్లిలో, ఊరేగింపులో తీసి ఆడించినా, కాల్చినా లైసెన్సు పోతాది. 2019 సవరణ ఇంకొకటి చేర్చింది. సంబరాలకు గాల్లో కాల్చి జనానికి ప్రమాదం తెస్తే రెండేండ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. లైసెన్సు లేని తుపాకికి అయితే రెండు నుంచి ఐదేండ్లు.

అంటే లక్షన్నర పెట్టి కొన్న వస్తువును ఒక్కనికీ చూపించకూడదు. స్టేటసులో పెట్టకూడదు. బండి మీద పెట్టి ఫోటో దిగకూడదు. ఎచ్చులకు కొనేవానికి ఇంతకంటే దండుగ యాపారం ఏముంటాది?

చూపించకున్నా ఎచ్చుల ఖర్చు ఆగదు. రివాల్వర్ ఉండేవాడు బస్సెక్కడు, కారు కావాల. ఒక్కడే పోడు, ఇద్దరు పిల్లోళ్ళు వెంట. వాళ్ళకు టీలు, టిఫిన్లు, బిర్యానీలు. ఇవి ఏ బిల్లులోనూ రావు.

ఇంట్లోవాళ్ళు కట్టే ఖర్చు

ఇది రూపాయల్లో రాయలేకపోయినాము. తాళం చెవి యాడుందో తెలిసిన పిల్లోడు. మందు తాగొచ్చిన రాత్రి జరిగే మాటామాటా. పంట పోయి, అప్పు పెరిగి, మనసు బాగలేని పూట. అమెరికాలో తుపాకి సావుల్లో సగానికి పైన ఆత్మహత్యలే. ఇంట్లో తుపాకి ఉంటే ఆ ప్రమాదం పెరుగుతాదని ఆడ ఎన్నో పరిశోధనలు తేల్చినాయి. పురుగుమందు డబ్బా ఇంట్లో పెట్టొద్దని రైతుకు మనమే చెప్తాంటాము. తుపాకికి కూడా అదే న్యాయం. 2024లో అమెరికాలో చదువుకునే మన తెలుగు పిల్లోడు ఒకడు తన తుపాకిని తుడుస్తాంటే పేలి సచ్చిపోయినాడు. తుడిచేముందు లోపల తూటా ఉందా అని రెండుసార్లు చూసేది ప్రాణం ఖరీదు చేసే అలవాటు.

వదిలించుకునేకి కూడా ఖర్చే

ఎద్దును సంతలో అమ్మొచ్చు. తుపాకిని అట్లా అమ్మేకి లేదు. కొనేవానికి లైసెన్సు ఉండాల, 45 రోజుల ముందు అధికారికి రాసియ్యాల. లైసెన్సు ఐదేండ్లకు ఒకసారి కొత్తది చేయించుకోవాల, 2019 దాకా మూడేండ్లే ఉండేది. మధ్యలో ఊరి గొడవలో ఒక్క కేసు పడినా, బైండోవరు అయినా 17వ సెక్షన్ కింద లైసెన్సు ఆపేకి, రద్దు చేసేకి దావ ఉండాది. 2019లో ఒక మనిషికి మూడు తుపాకుల పరిమితిని రెండు చేసినారు. మూడోది ఉండేవాళ్ళు ఏడాదిలోపల అప్పజెప్పుకోవాల్సి వచ్చె. ఇంటి పెద్ద సచ్చిపోతే, వారసుడు దరఖాస్తు పెట్టుకుని లైసెన్సు తెచ్చుకునే దాకా ఆ తుపాకి స్టేషన్లోనో డీలరు దగ్గరనో ఉండాల. దినాల నాడు ఏడ్చే ఆడవాళ్ళు రివాల్వర్ కాగితాలు ఎతుక్కునే పని పెట్టొద్దు.

మా నోటుబుక్కు లెక్క

ఐదేండ్లకు వేసినాము. తుపాకి, పన్ను 1,40,000. సామాన్లు 30,000. ఏడాదికి వంద తూటాల లెక్కన 50,000. ఏడాదికి నాలుగుసార్లు రేంజికి పోతే 1,20,000. మొత్తం 3,40,000. తిరిగిన రోజుల కూలి, కారు, టిఫిన్లు ఇందులో లేవు. తుపాకి ఖర్చు సగం కూడా కాదు, మిగతాదంతా సాకుడే.

నిజంగా గురి మీద ఇష్టం ఉంటే వేరే దావ ఉండాది. 0.177 అంగుళం, 20 జౌళ్ళ లోపు ఎయిర్ పిస్టలుకు ఆయుధాల లైసెన్సు అక్కరలేదు. పది మీటర్ల ఒలింపిక్ పోటీ దాంతోనే జరుగుతాది. గుండు రూపాయల్లో దొరుకుతాది. రోజుకు వంద కాల్చినా అడిగేవాడు లేడు. హైదరాబాదు బిడ్డ ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో ఒక బంగారు, మూడు వెండి పతకాలు తెచ్చింది. ఆమె పేరు దేశమంతా తెలిసింది గురితో, నడుముకు కట్టిన ఒరతో కాదు. నంద్యాలలో, ఆళ్ళగడ్డలో సర్కారు స్కూళ్ళ పిల్లోళ్ళకు పది మీటర్ల ఎయిర్ రేంజి ఒకటి పెట్టమని అడిగితే, ఆ అర్జీ నేను ఫ్రీగా రాసిస్తా.

పిల్లోడు నోటుబుక్కు పేజీ చించుకుని జేబులో పెట్టుకున్నాడు. "మళ్ళ వస్తా అన్నా" అని పోయినాడు. మానుకుంటానని చెప్పలేదు, నేనూ అడగలేదు. మళ్ళ వచ్చి రాయమంటే రాయాల్సిందే, చట్టం ఇచ్చిన దావ అది. ఆ పేజీ ఇంట్లో అమ్మకు, ఆలికి చూపించి రమ్మని మాత్రం చెప్పినా. సాకుడు ఖర్చులో సగం కట్టేది వాళ్ళే గదా.